పంపు మూత కింది రింగు

"ముల్లు దిగిపోయింది" అన్నాడు పెద్దాయన, పంపు గదిలోంచి బయటికొస్తూ. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టు అన్నాడు.

టైలరమ్మ అప్పటికే పెరట్లో పూల్ మెట్టు మీద నిలబడి ఒక కాలు నీళ్ళలో పెట్టింది. ఒంటి మీద తను కుట్టుకున్న ఈత బట్టలు. మడమల దాకా పైజమా, మోచేతులు దాటిన చేతులు, నడుం పక్కన ఒక జేబు. ఈత బట్టలకి జేబెందుకత్తయ్యా అని కోడలు నవ్వితే, జేబు లేని బట్ట ఈ చేత్తో ఇంతవరకూ కుట్టలేదు, ఈ వయసులో ఆ పాపం ఎందుకులే అంది. తలకి నూనె పట్టించి, దాని మీద టోపీ లాక్కుంది.

"ఏ ముల్లండీ?"

"ఫిల్టరు మీద మీటరు ముల్లు. ఎప్పుడూ నిటారుగా నిలబడేది. ఇవాళ చతికిలబడింది. నువ్వు దిగకు."

"నేను దిగితే అదింకా దిగుతుందా?"

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి, అద్దం మీద హా అని ఊది, చొక్కా జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచాడు. బతుకంతా కళ్ళద్దాల షాపు నడిపినవాడు. షాపు మూశాడు కానీ గుడ్డ మడిచి లోపల పెట్టలేదు. ఇంట్లో గ్లాసులు, స్విచ్చులు, తలుపు పిడులు, గోడ గడియారం, అన్నిటికీ ఆ హా తగలాల్సిందే. వీధిలో ఆయన్ని తుడుపు మాస్టారంటారు, ఆయన దాటిపోయాక.

"నూనె" అన్నాడు తుడవడం అయ్యాక.

"ఏం నూనె?"

"నీ తల నూనె. రోజూ తలకి అంత పట్టించి దిగుతున్నావు. అదంతా పోయి ఫిల్టర్లో ఇసుకకి పట్టింది. ఇసుక జిడ్డెక్కింది. ముల్లు పడిపోయింది. ఇంతకన్నా ఏముంది?"

కొడుకు టీ కప్పుతో గుమ్మంలో నిలబడి విన్నాడు. టైల్స్ పని మేస్త్రీ వాడు. ఆ పూల్ వాడి చేతి పనే. పొడుగు ఒక బస్సంత ఉంటుంది. ఎవరెవరి ఇళ్ళలోనో మిగిలిన టైల్స్ తెచ్చి అడుగంతా పరిచాడు, అమ్మ బొంత కుట్టినట్టు.

"నాన్న చెప్పేది నిజమేనేమో అమ్మా" అన్నాడు వాడు. "ఇదివరకు బాగానే ఉండేదిగా."

"ఇదివరకంటే, నేను దిగకముందనా?"

వాడు కప్పులోకి చూశాడు.

ఈత నేర్పేది కోడలు. ఆమె అయినా ఒక మాట అంటుందని టైలరమ్మ అటు తిరిగింది. కోడలు మెడలో తువ్వాలు సర్దుకుని, "పోనీ రెండు రోజులు ఆగుదాం అత్తయ్యా. నీళ్ళు కదలకపోతే మసకబారతాయి. మీకు కళ్ళు మండుతాయి" అంది. మంచిగానే అంది. అయినా అక్కడున్న ముగ్గురూ ఒక వైపు, మెట్టు మీద టైలరమ్మ ఒక వైపు అయిపోయారు.

ఆమె కాలు బయటికి తీసింది. పైజమా అంచు పిండుకుంది. నీళ్ళు బొటబొటా పడ్డాయి.

"ఆదివారం మా చెల్లెలొస్తోంది" అంది. ఎవరితోనని కాదు.

ఆ సంగతి అందరికీ తెలుసు. చెల్లెలు ఫోన్లో వేసిన పందెం వీధి వీధంతటికీ తెలుసు. "అక్కా, ఆ గోడ నుంచి ఈ గోడకి ఎక్కడా కాలు ఆనించకుండా ఈదుకొచ్చావా, మీ గుమ్మం ముందు పిల్లిమొగ్గ వేస్తా. వీధిలో అందర్నీ పిలుచుకో." నువ్వు వేస్తే లేపడానికి క్రేను తేవాలే అంది టైలరమ్మ. ముందు నువ్వు మునక్కుండా చూసుకోవే అంది చెల్లెలు.

ఇప్పటికి సగం దాకా వస్తోంది టైలరమ్మ. సగంలో భయం పట్టుకుంటుంది. కళ్ళజోడు తీసి, ఈతకి పెట్టుకునే ఉత్త అద్దాలు పెట్టుకుంటే ఆమెకి చేయి చాచినంత దూరమే కనిపిస్తుంది. అవతల గోడ ఉందనేది కొడుకు కట్టాడు కాబట్టి నమ్మడమే. సగం దాటగానే ఆ నమ్మకం కూడా తడిసిపోయి కాళ్ళు కిందికి దిగుతాయి. ఆదివారం దాకా రోజూ దిగితే భయం వదిలేస్తుందని కోడలంది. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటి మెట్టు నుంచేనని కూడా అంది.

*

మర్నాడు పంపు మెకానిక్ వచ్చాడు. లావుపాటి మనిషి, నోరు ఖాళీగా ఉండదు. ఎన్నేళ్ళుగానో పూల్స్ బాగుచేస్తున్నాడు కానీ మోకాలి పైకి నీళ్ళలోకి దిగలేదట.

"నాకు నీళ్ళంటే భయం పిన్నిగారూ. పైపులో ఉన్నంతసేపే మాకూ మాకూ స్నేహం."

"మరి ఈ పని ఎందుకు పట్టావు నాయనా?"

"కరెంటు పని నేర్చుకుందామనుకున్నా. అదంటే ఇంకా భయం."

పెద్దాయన దగ్గరుండి అన్నీ చూపించాడు. పంపు గదిలో ధూళి కణం లేదు. పంపు ఒళ్ళు మెరుస్తోంది. పంపు ముందున్న చెత్త ఆపే బుట్ట మూత గాజులా కనబడుతోంది. "ఏం సార్, ఈ పంపు పెళ్ళికొడుకులా ఉంది. మిగతా ఇళ్ళలో బొద్దింకల్ని పలకరించి మరీ లోపలికెళ్తాను" అన్నాడు మెకానిక్. పెద్దాయన ముఖం వెలిగింది. రోజూ తెల్లారగానే పంపు ఆపి, మూత తీసి, బుట్టలో ఆకు అలమూ పారబోసి, ప్రతిదీ తుడిచి మళ్ళీ బిగించేది ఆయనే. ఇంకొకరిని చేయి వెయ్యనివ్వడు.

"చూడు, కారణం నూనె అని నేను ముందే చెప్పా" అన్నాడు.

మెకానిక్ మీటరు మీద వేలితో రెండు దెబ్బలు కొట్టాడు. ముల్లు ఉలిక్కిపడి మళ్ళీ కూలబడింది. "నూనె అయితే ఇలా కాదు సార్. ఇసుక జిడ్డెక్కితే, మురికి పడితే, నీళ్ళు అందులోంచి దూరలేక తోసుకుంటాయి. ముల్లు పైకి పోతుంది. ఇది కిందికి పోయింది. అంటే ఫిల్టరు దాకా నీళ్ళే సరిగ్గా రావట్లేదు. రోగం ముందరెక్కడో ఉంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ టైలరమ్మ ఒక్క అడుగు లోపలికి వేసింది. "ఏమన్నావు నాయనా, ఇంకోసారి చెప్పు. కాస్త గట్టిగా."

"వినబడిందిలే" అన్నాడు పెద్దాయన.

కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మెకానిక్ వరసగా చూసుకుంటూ వచ్చాడు. పూల్‌లో నీటి మట్టం చూశాడు, సరిగ్గానే ఉంది. గోడ పక్క ఆకులు పట్టే బుట్ట చూశాడు, ఖాళీ. వాల్వులు మూసి తెరిచి చూశాడు. మీటరు మార్చి చూశాడు, కొత్త ముల్లూ పాత ముల్లులాగే కూర్చుంది. చివరికి కరెంటు తీసేయించి పంపు విప్పాడు. లోపల తిరిగే చక్రం రెక్కల మధ్య వేలు పెట్టి తిప్పుతూ, "ఇదిగో దొరికింది" అన్నాడు.

లాగితే దారం వచ్చింది. నీలం దారం. దాని వెనకే ఇంకా నీలం దారం. తడిసి ముద్దయిన చిన్న ఉండ. టైలరమ్మ ఈత పైజమా కూడా నీలమే. కొడుకు ఆ ఉండ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు.

"అంచు దారాలు కత్తిరించుకోలేదు" అంది టైలరమ్మ మెల్లిగా. జీవితంలో ఇంకొకరి బట్టకి వేలాడే దారం వదల్లేదు ఆమె. తనదే వదిలేసింది.

"నూనె కాకపోతే దారం. ఏదైతేనేం" అన్నాడు పెద్దాయన. గెలిచినవాడి గొంతుతో కాదు. అయినా గెలిచాడు.

పంపు బిగించి ఆడించారు. ముల్లు కొంచెం లేచింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, అలసిపోయినవాడు మంచం మీద వాలినట్టు మళ్ళీ వాలిపోయింది.

మెకానిక్ తల గోక్కున్నాడు. "దారం కొంతే. అసలుది ఇంకోటుంది. భూమిలో పైపు ఎక్కడైనా చిట్లిందేమో. సోమవారం పరీక్ష మిషన్ తెస్తా. అవసరమైతే గట్టు తవ్వాలి."

"సోమవారమా?" అంది టైలరమ్మ.

"ఆదివారం మా ఆవిడ పుట్టింటాళ్ళొస్తున్నారు పిన్నిగారూ. నేను కనబడకపోతే నా ప్రెజర్ పడిపోతుంది."

వాడు సామాన్లు సర్దుకుంటుంటే ఆమె పూల్ గట్టు మీద కూర్చుంది. నీళ్ళ మీద సన్నగా తెలుపు. పాలగిన్నె కడిగిన నీళ్ళలా ఉన్నాయి. అడుగున టైల్స్ రంగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. నీళ్ళు తిరిగొచ్చే కన్నం గోడలో ఉంటుంది. దాని ముందు చేయి పెట్టింది. ధార నీరసంగా తగిలింది.

"బుడగలు మాత్రం ఇంకా వస్తున్నాయి" అంది.

మెకానిక్ సంచి కింద పెట్టాడు. "ఏం బుడగలు?"

"చిన్న చిన్నవి. గలగలా వస్తాయి. నేను ఈ కన్నం దగ్గర నడుం ఆనించి నిలబడేదాన్ని. చక్కిలిగిలి పెట్టినట్టుండేది." ఆమె కొంచెం సిగ్గుపడింది. "బాగుంటుందని ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ ఆపేస్తారని."

"అమ్మో! పిన్నిగారూ, ముందే చెప్పకూడదా? పంపు గాలి తాగుతోందన్నమాట! నీళ్ళు లాగాల్సింది గాలి లాగుతోంది." వాడు పంపు గదిలోకి పరిగెత్తాడు, అంత ఒళ్ళూ ఊగుతుండగా. కాసేపు చెవి పెట్టి విన్నాడు. పైపు అతుకులన్నీ తడిమాడు. ఇంతలో ఫోన్ మోగింది. ఇంకో ఇంట్లో పంపు గది మునిగిపోయిందట. వాడు ఒక కాలు బండి మీద వేసి చెప్పాడు. "గాలి ఎక్కడ దూరుతోందో కనుక్కోవాలంటే చిన్న చిట్కా. పంపు ఆడుతుండగా అనుమానం ఉన్నచోట చెంబుతో నీళ్ళు పొయ్యండి. గాలి బదులు ఆ నీళ్ళు లాక్కుంటుంది. బుడగలు ఆగితే దొంగ అక్కడే. ఎక్కడో తెలిస్తే ఒక్క ఫోన్ కొట్టండి, రేపు వాలిపోతా. మోటారు మీద మాత్రం చుక్క పడకూడదు!"

ఆ సాయంత్రమంతా కోడలు చెంబు పట్టుకుని పైపు అతుకు అతుకుకీ నీళ్ళు పోసింది. వాల్వుకి పోసింది. ఎక్కడా బుడగలు ఆగలేదు. టైలరమ్మ గట్టు మీద కూర్చుని కన్నం దగ్గర చేయి పెట్టి, "వస్తున్నాయి... వస్తున్నాయి... ఇంకా వస్తున్నాయి" అని చెబుతూనే ఉంది. చివరికి కోడలికే నవ్వొచ్చి, "అత్తయ్యా, మీరు రైలు స్టేషన్లో అనౌన్స్ చేస్తున్నట్టుంది" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వయ్యాక కోడలు పక్కన కూర్చుని, ఆ తడి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"నిన్న నేనూ వాళ్ళవైపు మాట్లాడాను."

"మాట్లాడావు."

"తప్పే."

"దారం నాదేలే" అంది టైలరమ్మ. "తిలా పాపం తలా పిడికెడు."

*

శనివారం పొద్దున ఆమె పెద్దాయనకన్నా ముందు లేచింది. ఈత బట్టలు వేసుకోలేదు. పంపు గది బయట పీట వేసుకుని, మోకాలి మీద ఈత పైజమా పరుచుకుని, అంచు దారాలు ఒక్కొక్కటీ కత్తిరిస్తోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకూడదు. తన తప్పు తను దిద్దుకోవాలి.

పెద్దాయన వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పంపు దగ్గరికి. పంపు ఆపాడు. మూత మరలు తిప్పి తీసి, గుడ్డ మీద బోర్లించాడు. బుట్ట కడిగాడు. మూత అద్దాన్ని హా అని ఊది తుడిచాడు. తర్వాత మూత కింద ఉండే నల్లటి రబ్బరు రింగుని గాడిలోంచి గోటితో లేపి తీసి, గుడ్డ మడతలో పెట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని చుట్టూ లాగాడు.

కీచు.

మళ్ళీ చుట్టూ లాగాడు. కీచు, కీచు.

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగింది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. ఆమె కుట్టు మిషను నుంచి అలాగే వచ్చేది. ఆమె చక్రం దగ్గర, సూది కడ్డీ దగ్గర బొట్టు బొట్టు నూనె వేసుకుని వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, ఈయన మెరిసేలా తుడిచి పెట్టేవాడు. మరకలు పడతాయే, గిరాకీల బట్టలు పాడవుతాయే అనేవాడు. తొక్కితే మిషను కీచుమని ఏడ్చేది. చివరికి ఆమె నూనె డబ్బా రవికల గుడ్డల కింద దాచుకుని, ఆయన షాపుకి వెళ్ళాక వేసుకునేది.

ఆయన రింగు గాడిలో పెట్టి, మూత బిగించి, పంపు వేసి, మీటరు వైపు చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయాడు. టిఫిన్ వేళకి ఆయన్ని ఎవరూ ఆపలేరు.

ఆమె లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. మూతలోంచి లోపలికి చూసింది. ఆయన తుడిచిన తుడుపుకి లోపలంతా అద్దంలా కనబడుతోంది. నీళ్ళు మూత దాకా నిండలేదు. సగంలో సుడి తిరుగుతున్నాయి. అంచు నుంచి సన్నటి బుడగల వరస, పూసలు దారంలోంచి జారినట్టు లోపలికి జారుతోంది. మెకానిక్ పైపులన్నీ తడిమాడు. కోడలు అతుకులన్నీ తడిపింది. ఇంత మెరిసే మూతని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

చెంబుతో నీళ్ళు తెచ్చింది. మోటారు వైపు అరచేయి అడ్డం పెట్టి, మూత అంచు చుట్టూ సన్నగా పోసింది. దోసె పెనం మీద నూనె చుట్టినట్టు పోసింది.

బుడగలు ఆగాయి. సుడి మెల్లిగా పైకి లేచి మూతకి తగిలింది. మీటరు దగ్గర ఏదో కదిలినట్టయి తలెత్తి చూసింది. ముల్లు లేస్తోంది. వణుక్కుంటూ, ఎవరో చేయి పట్టి లేపుతున్నట్టు లేస్తోంది.

"లేచిందర్రా!" అని కేకేసింది.

ఆ కేకకి కోడలు దువ్వెన జుట్టులోనే ఉంచుకుని వచ్చింది. కొడుకు బనీనుతో వచ్చాడు. పెద్దాయన చేతికి చట్నీతో వచ్చాడు. అప్పటికి పోసిన నీళ్ళు అయిపోయి ముల్లు మళ్ళీ వాలింది. ఆమె ఇంకో చెంబు పోసింది. మళ్ళీ లేచింది.

"మూతలోంచా!" అన్నాడు కొడుకు. "మూత రోజూ తీసి చూసేదేగా. దానికేమైంది?"

కోడలు పంపు ఆపి మూత తీసి రింగు బయటికి లాగింది. టైలరమ్మ దాన్ని వేళ్ళ మధ్య పెట్టి లాగి చూసింది, పాత ఎలాస్టిక్ చూసినట్టు. చుట్టూ సన్నటి పగుళ్ళు. ఎండిపోయి, పెళుసెక్కి, బిరుసుగా ఉంది. ఎక్కడా చుక్క తడి లేదు, జిడ్డు లేదు. అంత శుభ్రంగా ఉంది.

కొడుకు ఫోన్లో మెకానిక్ గొంతు గది అంతా వినబడింది. "మూత రింగా! అదా! కొత్తది తెస్తా. దానికి గ్రీజు రాస్తుంటారుగా? రాయరా? రాయకపోగా తుడుస్తారా! ఎవరు సార్ తుడిచేది?"

కొడుకూ కోడలూ ఒకేసారి పెద్దాయన వైపు తిరిగారు.

పెద్దాయన చట్నీ చెయ్యి గాల్లో అలాగే ఉంచుకుని నిలబడ్డాడు. రింగు వైపు చూశాడు. టైలరమ్మ తల వైపు చూశాడు. రెండు రోజులుగా నూనె పెట్టుకోని ఆమె జుట్టు గడ్డిలా లేచి ఉంది. ఎడం చేత్తో కళ్ళజోడు తీశాడు. హా అని ఊదబోయి ఆగిపోయాడు. ఊదకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేనే" అన్నాడు.

టైలరమ్మ దగ్గర రెండు రోజుల మాటలు సిద్ధంగా ఉన్నాయి. రాత్రి పడుకుని వాటికి కాజాలు కూడా కుట్టుకుంది. తీరా ఆయన చట్నీ చెయ్యి చూసేసరికి ఒక్కటీ రాలేదు. కడుపులోంచి నవ్వొచ్చింది. పీట మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. కోడలు మొదలుపెట్టింది. కొడుకు గోడకి ఆనుకుని మొదలుపెట్టాడు. ఫోన్లో మెకానిక్ విషయం తెలియకుండానే నవ్వుతున్నాడు.

"ఈ ఇంట్లో మీరు తుడిచెయ్యంది నన్నొక్కదాన్నే" అంది, ఊపిరి అందాక.

"నిన్నూ తుడుద్దామనే చూశాను" అన్నాడు పెద్దాయన. ఆయన నోట అలాంటి మాట రావడం కోడలు ఎప్పుడూ వినలేదు.

*

మెకానిక్ ఎండ ముదరక ముందే వచ్చాడు. కొత్త రింగూ, చిన్న గ్రీజు గొట్టమూ తెచ్చాడు. మధ్యలో టైలరమ్మ మిషన్ ఆయిల్ డబ్బా తెచ్చి, ఇది వేస్తే సరిపోతుందిగా అంది. "అయ్యో వద్దు పిన్నిగారూ, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. దీనికి దీని గ్రీజే" అన్నాడు వాడు. ఆమె డబ్బాని కొంగు చాటున దాచుకుంది.

వాడు రింగుకి రాయబోతుంటే ఆమె ఆపింది. "నువ్వొద్దు. ఆయన రాస్తారు. రోజూ చూసుకునేది ఆయనేగా."

పెద్దాయన చూపుడు వేలు చాచాడు. మెకానిక్ దాని మీద కందిగింజంత గ్రీజు పిండాడు. ఆయన ఆ వేలి వైపు, వేరే ఎవరిదో చూసినట్టు చూశాడు. తర్వాత రింగు తీసుకుని చుట్టూ రాయడం మొదలుపెట్టాడు. మొదట వేలి కొసతో రాశాడు. తర్వాత మొత్తం వేలితో. ఎక్కువా కాకుండా, ఎక్కడా వదలకుండా, కళ్ళద్దానికి అంచు తీర్చినంత నెమ్మదిగా రాశాడు. అలవాటుగా చెయ్యి జేబులో గుడ్డ దగ్గరికి వెళ్ళింది.

"ఊఁ" అంది టైలరమ్మ.

చెయ్యి వెనక్కి వచ్చింది.

పంపు వేశారు. నీళ్ళు మూత దాకా ఒక్క ఊపున నిండాయి. బుడగ లేదు, గొణుగుడు లేదు. ముల్లు లేచి నిలబడింది. కన్నంలోంచి వచ్చే ధార పూల్ సగం దాకా చారలా సాగింది. మెకానిక్ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి చూసి, "అబ్బ, ఎంత బలం" అని, ఎందుకైనా మంచిదని వెంటనే పైకెక్కాడు.

టైలరమ్మ ధార ముందు చేయి పెట్టింది. చక్కిలిగిలి లేదు. అరచేతిని తోసేస్తోంది. బుడగలు పోయినందుకు కొంచెం దిగులు కూడా వేసింది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన కనబడలేదు. వెనక గదిలోంచి సాన రాయి తిరుగుతున్న చప్పుడు వచ్చింది. షాపు సామాను పెట్టెలు దించిన చప్పుడు వచ్చింది. కోడలు తొంగి చూసి వచ్చి, "మామయ్య మీ ఈత కళ్ళద్దాలు విప్పేశారత్తయ్యా" అంది. "ఏం చేస్తున్నారని అడిగితే, వెళ్ళమ్మా, దుమ్ము లేస్తుందన్నారు."

"దుమ్ములో కూర్చున్నారా?" అంది టైలరమ్మ. "అయితే ఒంట్లో బాగాలేదేమో."

*

ఆదివారం చెల్లెలు వచ్చేసరికి పూల్ అడుగున టైల్స్ గీతలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. చెల్లెలు గట్టు మీద కుర్చీ వేయించుకుని, కొంగు దోపుకుని కూర్చుంది. ప్రహరీ మీంచి పక్కింటివాళ్ళ తలలు వరసగా లేచాయి.

"ఏమే అక్కా, ఈ జేబు దేనికే? మధ్యలో ఆకలేస్తే మరమరాలు పోసుకోవడానికా?"

"నీ నోట్లో కుక్కడానికి గుడ్డ పెట్టుకున్నా."

"మాటలు బాగానే ఈదుతున్నాయి. మనిషి సంగతి చూద్దాం."

టైలరమ్మ మెట్టు దగ్గరికి వచ్చింది. తల మీద చెయ్యి పెట్టుకుంది. పొద్దున ఆ తలకి నూనె పట్టించింది పెద్దాయనే. అడక్కుండానే సీసాతో వచ్చి, పీట వేసి కూర్చోబెట్టాడు. ఆయన ఇప్పుడు ఆకులు తీసే పొడుగు వల కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఇంకో చేతిలో ఉన్న ఈత కళ్ళద్దాలు ఆమెకి ఇచ్చాడు.

"పెట్టుకో. నీ పవరే వేశాను."

"ఈత అద్దాలకి పవరా?"

"పాత స్టాకులో నీ నంబరుంది. అంచు సాన పట్టాల్సొచ్చింది, అంతే."

ఆమె పెట్టుకుంది. నీళ్ళలో దిగి, తల ముంచింది.

అడుగంతా రంగులు. ఆకుపచ్చ పక్కన పసుపు, దాని పక్కన నీలం పువ్వు, ఒక చోట సగం పువ్వే, మిగతా సగం ఎవరింట్లోనో ఉండిపోయింది. ఇన్నాళ్ళూ దీని మీదే కాళ్ళు ఆనించింది. ఎప్పుడూ చూడలేదు. కొడుకు రంగులు కలిపిన తీరు చూసి నీళ్ళలోనే నవ్వబోయి ఒక గుక్క మింగింది. తల ఎత్తి ముందుకి చూసింది.

గోడ ఉంది. అక్కడే ఉంది. పైన ఎర్ర టైల్స్ ఒక వరస. ఇంత దగ్గరా!

తోసుకుంది. చేతులు చాచింది, లాక్కుంది. వెనక ధార నడుముని ఒక్క తోపు తోసి వదిలేసింది. సగం వచ్చింది. భయం ఎప్పుడూ కూర్చునే చోటు అదే. అక్కడ ఒక పసుపు టైలు మాత్రమే ఉంది. దాని మీంచి దాటిపోయింది. గట్టు మీద పెద్దాయన వల కర్ర నీళ్ళ మీద ఆడిస్తూ ఆమెతో పాటు నడుస్తున్నాడు. కర్ర కొస ఎప్పుడూ ఆమె చేతికి జానెడు దూరంలోనే ఉంది.

"ఏం బావా, ఏం తీస్తున్నారు?" అని చెల్లెలు అరిచింది.

"ఆకులు" అన్నాడాయన. నీళ్ళ మీద ఒక్క ఆకు లేదు.

ఆమె చెయ్యి ఎర్ర టైలుని తాకింది.

ప్రహరీ మీద తలలు గోల చేశాయి. కోడలు బట్టలతోనే నీళ్ళలోకి దూకింది. కొడుకు ఈల వేశాడు. చెల్లెలు కుర్చీలోంచి లేచి, "నడుం నొప్పిగా ఉందే అక్కా, పిల్లిమొగ్గ వచ్చే నెల" అంటుంటే పక్కింటివాళ్ళు ఒప్పుకోలేదు. వీధి గుమ్మం ముందు పరుపు తెచ్చి వేస్తున్న చప్పుడు వినబడింది.

టైలరమ్మ గోడ పట్టుకుని రొప్పుతూ పైకి చూసింది. పవరు అద్దాల్లోంచి, నీటి బొట్ల మధ్య నుంచి, పెద్దాయన స్పష్టంగా కనిపించాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా. దాని మీద గుండె దగ్గర, బొత్తాం పక్కన, వేలంత గ్రీజు మరక. పొద్దున తనే ఒంటరిగా రింగుకి రాసొచ్చాడన్నమాట. ఆయన ఇంకా చూసుకోలేదు.

"ఏంటలా చూస్తున్నావు? బాగా కనబడుతోందా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా కనబడుతోందండీ" అంది.

మరక సంగతి మాత్రం చెప్పలేదు.